కథ అడిగితే చాలు

బడులకు సెలవులిచ్చేశారు. ఏప్రిల్ చివర్లో ఆఖరి గంట మోగితే, మళ్ళీ జూన్ రెండో వారం దాకా పిలకాయలు ఇంటి పట్టునే. తిరుపతి ఎండ గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. పొద్దున పదింటికే వీధులు ఖాళీ. ఇంట్లో ఫ్యాను కింద పిల్లలు, పిల్లల చేతిలో ఫోను. సాయంత్రానికి అమ్మకు తలనొప్పి. అప్పుడు మొదలవుతుంది వెతుకులాట. ఈతకు పంపుదామా, కరాటేకు పంపుదామా, అబాకస్‌లో చేర్పిద్దామా అని.

ఈ మధ్య ఆ వరసలో ఇంకోటి చేరింది. పిల్లల రచనా శిబిరం. పిల్లల చేత కథలు, కవితలు రాయించే శిబిరం. కొన్ని గ్రంథాలయాల్లో, కొన్ని బడుల్లో, సాహిత్య సంఘాల వాళ్ళు అడిగి తీసుకున్న హాళ్ళలో జరుగుతుంటాయి. అట్లాంటి చోట్ల పిల్లల మధ్య కూర్చునే వాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ ముచ్చటే ఈ పూట.

ఒకసారి ఒక తండ్రి వచ్చాడు, కొడుకు చెయ్యి పట్టుకుని. “సార్, మావాడి రాత కోడి గెలికినట్టుంటాది. సెలవులు అయిపోయేలోగా కుదురుతుందా?” అన్నాడు. ఆయన అనుకున్నది చేతిరాత. “అది ఇక్కడ నేర్పం నాయనా. అక్షరం వంకరగా ఉన్నా మాకు పరవాలేదు. చెప్పే సంగతి ఉంటే చాలు” అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, “మరి మార్కులకు పనికొస్తుందా?” అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఫీజులు కట్టే మనిషి అడక్క ఏం చేస్తాడు! “రెండు రోజులు కూర్చోబెట్టి చూడండి” అన్నాను. కూర్చోబెట్టాడు. ఆ పిల్లవాడి సంగతి కాసేపట్లో చెబుతాను. గుర్తుపెట్టుకోండి, కోడి గెలికిన రాత పిల్లవాడు.

శిబిరం మొదటి రోజు ఎట్లా ఉంటుందో చెబుతాను వినండి. పిల్లలకు తలా ఒక కాగితం ఇచ్చి, మీకు నచ్చిన కథ రాయండి అంటాం. అరగంటలో కాగితాలన్నీ వచ్చేస్తాయి. చదివితే అన్నిట్లోనూ ఒకటే కథ. అనగనగా ఒక ఊళ్ళో రామయ్య అనే రైతు. రామయ్యకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు సోమరి, చిన్నవాడు తెలివైనవాడు. చివర గీత గీసి, దాని కింద: ఈ కథలోని నీతి, దురాశ దుఃఖానికి చేటు.

చంద్రగిరి పిల్ల రాసినా రామయ్యే. పాకాల పిల్లవాడు రాసినా రామయ్యే. ఈ రామయ్యకు ఇంటి పేరు లేదు. ఏ పంట వేస్తాడో తెలీదు. ఏ యాస మాట్లాడతాడో తెలీదు. ఆయన బోరులో నీళ్ళున్నాయో లేదో కూడా తెలీదు. మన పక్క రైతు గురించి బోరు సంగతి లేకుండా కథ రాయగలమా చెప్పండి!

అదే కాగితం రాసిన పాపను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడితే తెలుస్తుంది. వాళ్ళ నాయన తిరుమల కల్యాణకట్టలో గుండ్లు కొడతాడు. రాత్రి డ్యూటీ అయి ఇంటికొస్తే చొక్కా మడతల్లోంచి ఎవరెవరివో వెంట్రుకలు రాలుతాయి. వాళ్ళమ్మ వాకిట్లోనే చొక్కా దులిపించి గానీ లోపలికి రానివ్వదు. ఇంత ఉంది ఆ పాప దగ్గర. కానీ కాగితం మీద మాత్రం రామయ్య!

ఎందుకిట్లా? పిల్లలకు తెలివి లేక కాదు. ఇది కథ, ఇది కాదు అని ఎవరో వాళ్ళకు ముందే చెప్పేశారు. కథంటే పుస్తకంలో ఉండేది. మన ఇంట్లో జరిగేది కథ కాదు. ఆ పాప మనసులో ఉన్నది ఇదే. శిబిరం చేయాల్సిన మొదటి పని ఈ ముడి విప్పడం. అందుకే నేను మళ్ళీ మళ్ళీ చెప్పే మాట ఒకటే. పిల్లలకు కథ నేర్పక్కర్లేదు. కథ అడిగితే చాలు.

ఇప్పుడు మన కోడి గెలికిన రాత పిల్లవాడి దగ్గరికి వద్దాం. వాళ్ళది పలమనేరు పక్క పల్లె. చదువు కోసం తిరుపతిలో ఉంటున్నారు. ఏదైనా జంతువు గురించి రాయమంటే వాడు రాసింది ఇది: ఆవు సాధు జంతువు. ఆవుకు నాలుగు కాళ్ళు, రెండు కొమ్ములు, ఒక తోక. ఆవు పాలు ఇచ్చును.

“మీ ఇంట్లో ఆవుందా?” అన్నాను.

“ఉండింది సార్. అమ్మేసినారు.”

“ఎక్కడ?”

“సంతలో. నేనూ పోయినా గదా, మినీ లారీలో.”

“సంతలో ఏం జరిగింది?”

అంతే. వాడు ఎత్తుకున్నాడు. మా నాయన, ఆ బేరగాడు తువాల కింద చేతులు పెట్టుకున్నారు సార్. నోటితో ఏం మాట్లాడలా. వేళ్ళు పట్టుకున్నారు. మా నాయన తల అడ్డంగా ఊపినాడు. మళ్ళా పట్టుకున్నారు. ఎంతకు తెగిందో నాకు తెలీలా. ఇంటికొచ్చినాక మా యమ్మ అడిగితే, మా నాయన నీళ్ళు తాగతా గమ్మునుండిపోయినాడు. పలుపు మాత్రం విప్పి తెచ్చుకున్నాడు.

వినండి శ్రోతలారా. పశువుల సంతలో తువాల కింద వేళ్ళతో బేరమాడే పద్ధతి పెద్దవాళ్ళకు తెలిసిందే. ఏ వేలు పడితే ఎంతో చుట్టూ నిలబడ్డ వాళ్ళకు అంతుపట్టదు. దాన్ని ఈ పిల్లవాడు చూశాడు. ధర తెలియకపోవడం చూశాడు. నాయన మాట్లాడకపోవడం చూశాడు. ఆవు పోయినా పలుపు ఇంటికి రావడం చూశాడు. ఇన్ని చూసినవాడు రాసింది, ఆవుకు నాలుగు కాళ్ళు అని!

“ఇప్పుడు చెప్పావే, అదే రాయి” అన్నాను. “ఇది రాయొచ్చా సార్?” అన్నాడు. రాయొచ్చు అన్నాను. వాడు రాసిన మొదటి మూడు వాక్యాలు ఇవి: మా ఆవు సాధు జంతువు కాదు. మా అవ్వను రెండు తూర్లు తన్నింది. అమ్మేసిన రోజు అందరికంటే శానా ఏడ్చింది మా అవ్వే.

అక్షరాలు కోడి గెలికినట్టే ఉన్నాయి. నేను ఒక్కటి కూడా దిద్దలేదు.

అడగడంలో కూడా ఒక ఒడుపుంది. ఎందుకు అని అడిగితే పిల్లలు భయపడతారు. బళ్ళో అడిగే ప్రశ్న అది. ఎందుకు ఆలస్యం, ఎందుకు రాయలేదు... అట్లా. తరవాత ఏమైంది అని అడగండి. అక్కడ ఎవరెవరు ఉన్నారు, ఏం వాసన వచ్చింది, నువ్వెక్కడ నిలబడ్డావు అని అడగండి. వాళ్ళు చెబుతుంటే మధ్యలో సవరించొద్దు. చెప్పడం అయ్యాక, ఆ వేడి మీదే కాగితం ఇవ్వండి. ముందు చెప్పించడం, తరవాత రాయించడం. ఈ క్రమం తిప్పితే మళ్ళీ రామయ్య వచ్చి కూర్చుంటాడు.

చుట్టూ ఉన్నదాన్నే కథ చేయడం మన సీమకు కొత్తదేం కాదు. ఇక్కడ మంచి కథలు రాసిన వాళ్ళలో బడిపంతుళ్ళున్నారు. మధురాంతకం రాజారాం గారు 1930లో మొగరాలలో పుట్టారు, దామలచెరువులో స్థిరపడ్డారు, పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూనే వందలాది కథలు రాశారు. 1993లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. ఆయన కథల్లో కనిపించేది మనం బస్సులో పక్కన కూర్చునే మనుషులే. కొట్రమంగళంలో పుట్టిన కె. సభా గారు పల్లెల్లో పాడుకునే పాటలు సేకరించారు, పిల్లల కోసం పుస్తకాలు రాశారు.

ఇంకొకాయన సంగతి కాస్త నిదానంగా చెబుతాను. ఎందుకంటే పిల్లలకు ఆయన పేరు తెలియాలి. కలువకొలను సదానంద. పాకాల ఆయన. బడిపంతులు. సాహిత్య అకాడమీ పిల్లల పుస్తకాలకు ప్రత్యేకంగా బాల సాహిత్య పురస్కారం పెట్టింది 2010లో. ఆ మొదటి ఏడాదే తెలుగులో అది ఎవరికి వచ్చింది? సదానంద గారికి, అడవితల్లి అనే పుస్తకానికి. మళ్ళీ చెబుతున్నాను. తెలుగులో మొట్టమొదటి బాల సాహిత్య పురస్కారం పాకాల బడిపంతులుకు వచ్చింది. రైలు జంక్షన్‌గా పాకాల పేరు అందరికీ తెలుసు. ఈ సంగతి పాకాలలో చదివే పిల్లల్లో ఎంతమందికి తెలుసో మీరే అడిగి చూడండి. సదానంద గారు 2020లో కాలం చేశారు.

మరి నామిని గురించి చెప్పకుండా ఈ ప్రసంగం ఎట్లా అవుతుంది! తిరుపతి దగ్గర మిట్టూరులో పుట్టిన నామిని సుబ్రహ్మణ్యం నాయుడు. పచ్చ నాకు సాక్షిగా, సినబ్బ కతలు, మిట్టూరోడి కతలు. తన చిన్నతనాన్ని తన ఊరి మాటలోనే రాశాడు. వాళ్ళమ్మ ఎట్లా మాట్లాడిందో అట్లా. నేను శిబిరంలో నామిని కథ ఒక పేజీ చదివి వినిపించినప్పుడల్లా ఒకటే జరుగుతుంది. పిల్లలు ముందు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. తరవాత కిసుక్కున నవ్వుతారు. ఆ నవ్వు తగ్గాక ఎవరో ఒకరు అడుగుతారు, “సార్, ఇది పుస్తకంలో నిజంగా ఇట్నే ఉందా?” అని. పుస్తకం చేతికిస్తాను. చూస్తారు. ఉంది. మా లెస్స, బిన్నా, యాడికి, అన్నీ అచ్చులో ఉన్నాయి. ఆ పూట రాసిన కాగితాల్లో రామయ్య కనపడడు.

భాష సంగతి కొంచెం ఆగి మాట్లాడుకోవాలి. మనది మూడు రాష్ట్రాలు కలిసే చోటు. నగరి, పుత్తూరు, సత్యవేడు పక్కకు పోతే చాలా ఇళ్ళల్లో అరవం. కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినపడతాయి. చిత్తూరులో, మదనపల్లెలో ఉర్దూ మాట్లాడే ఇళ్ళున్నాయి. ఈ పిల్లలంతా తెలుగు కాగితం ముందు కూర్చుంటారు. ఇంట్లో అమ్మ తిట్టింది అరవంలో. కాగితం మీద ఆమె గ్రాంథికంలో తిడుతుంది. నవ్వొస్తుంది గానీ, ఆ అమ్మ అక్కడ లేదు కదా! అందుకే మేం చెప్పేది, మాట ఏ భాషలో వినపడితే ఆ భాషలోనే రాయండి, తెలుగు లిపిలో రాయండి, తరవాత చూసుకుందాం అని. ఒక ఉర్దూ ఇంటి పాప వాళ్ళ నానీ అనే మాటలు అట్లాగే దించింది. క్లాసులో సగం మందికి అర్థం కాలేదు. కానీ నానీ అందరికీ కనపడింది.

కొంతమంది టీచర్లకు ఇది నచ్చదు. “పరీక్షలో ఇట్లా రాస్తే మార్కులు వేస్తారా?” అంటారు. వేయరు. పరీక్షకు పరీక్ష భాష నేర్చుకోవాలి, తప్పదు. అది బడి పని. సెలవుల్లో కూడా బడి పనే చేయించేటట్టయితే శిబిరం ఎందుకు?

ఇక మన ఎండాకాలంలో కథలకు కరువా! మే నెలలో తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. వారం రోజులు రోజుకో వేషం. బైరాగి వేషానికి ఒళ్ళంతా తెల్లటి నామం కొమ్ము. బండ వేషానికి కుంకుమ. తోటి వేషానికి బొగ్గు. దొర వేషానికి గంధం. మన పిలకాయలే వేస్తారు ఆ వేషాలు. ఆడపిల్లల్ని చెరిచే పాలెగాణ్ణి పట్టుకోవడానికి గంగమ్మ వేషాలు మార్చి మార్చి వెతికిందని కదా కథ. వాడు దాక్కున్నాడు. దొర వేషం చూసి బయటికొచ్చాడు. దొరికిపోయాడు. ఇంతకంటే బిగువైన కథ ఏ పాఠంలో ఉంది?

తోటి వేషం వేసుకున్న ఒక పిల్లవాణ్ణి అడిగాను, బొగ్గు పూసుకుంటే ఎట్లుంటుంది అని. మొదట బాగుంటుంది అన్నాడు. బాగుంటుంది అంటే? అని మళ్ళీ అడిగాను. అప్పుడు చెప్పాడు. చెమట పడితే బొగ్గు గీతలు గీతలుగా కారుతుందంట. వీధిలో వాడితో రోజూ ఆడుకునే కుక్క వాణ్ణి చూసి మొరిగిందంట. వాడు పేరు పెట్టి పిలిచినాక తోక ఊపిందంట. “నా గొంతు మాత్రం మారలేదని దానికి తెలిసింది” అని రాశాడు. బాగుంటుంది అన్న మాట దగ్గర ఆగిపోయుంటే ఆ కుక్క మనకు దొరికేది కాదు. అందుకే మళ్ళీ చెబుతున్నాను. అడగాలి. ఒకసారి అడిగి ఊరుకోకుండా, ఇంకోసారి అడగాలి.

చిత్తూరు పల్లెల్లో ఇదే కాలంలో భారతం జరుగుతుంది. ద్రౌపదమ్మ గుడి దగ్గర, 18 రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. అర్జునుడి తపస్సు రోజు తపసు మాను ఎక్కడం చూడని పిల్ల ఆ పల్లెల్లో ఉండదు. అంత ఎత్తు మాను. అర్జునుడి వేషగాడు పద్యం పాడుతూ ఒక్కో మెట్టే ఎక్కుతాడు. పైనుంచి నిమ్మకాయలు, పళ్ళు విసురుతాడు. కింద బిడ్డలు లేని ఆడవాళ్ళు కొంగు పట్టుకుని ఉంటారు. ఒక అమ్మాయి దీని గురించి రాసింది. కానీ మాను గురించి కాదు. పొద్దున వాళ్ళ ఇంటి అరుగు మీద కూర్చుని కాఫీ అడిగిన అర్జునుడి గురించి రాసింది. మొహానికి రంగు సగమే వేసుకున్నాడంట. కాఫీలో చక్కెర వద్దన్నాడంట, షుగరుందని. ఆ షుగరున్న మనిషి సాయంత్రం అంత మాను ఎట్లా ఎక్కుతాడో అని ఆ పిల్లకు భయం. పద్యం వింటున్నంత సేపూ ఆయన కాళ్ళే చూసిందంట. ఎనిమిదో తరగతి పిల్ల. నేను ఏం నేర్పాలి ఆమెకు?

సరే, చూసింది రాయడం ఒకటి. ఊహించి రాయడం ఇంకోటి. పిల్లలకు రెండూ కావాలి. ఊహకు ఒక మంచి ఆట ఉంది. ఇటలీలో జాన్ని రోదారి అని ఒక పిల్లల రచయిత. 1972లో రెజియో ఎమీలియా అనే ఊళ్ళో టీచర్లతో కూర్చుని, పిల్లల చేత కథలు ఎట్లా కట్టించాలో మాట్లాడాడు. మరుసటి ఏడాది అది పుస్తకంగా వచ్చింది. ఆయన చెప్పిన ఆటల్లో ఒకటి ఇది. ఒకదానికొకటి సంబంధం లేని రెండు మాటలు తీసుకోండి. ఆయన ఉదాహరణ కుక్క, బీరువా. బీరువాలో కుక్క ఎందుకుంది? బీరువా మోసుకుంటూ కుక్క ఎక్కడికి పోతోంది? అంతే, కథ మొదలైనట్టే.

మేం ఇదే ఆట ఆడిస్తాం. చీటీల మీద మాటలు రాసి డబ్బాలో వేస్తాం. ఒక్కో పిల్ల రెండు చీటీలు తీస్తుంది. ఒకసారి ఒకమ్మాయికి వచ్చినవి సప్తగిరి బస్సు, మామిడి టెంక. ఆమె రాసింది చూడండి. కొండకు పోయే బస్సులో ఎవరో బేనీషా కాయ తిని టెంక సీటు కింద పడేశారు. టెంక ఘాట్ రోడ్డు మలుపుల్లో దొర్లుతూ దొర్లుతూ మొలకెత్తింది. పైకి పోయేసరికి చెట్టయింది. కండక్టరు చెట్టుకు కూడా టికెట్ కొట్టాడు. పోయేది ఒకటి, వచ్చేది ఒకటి. క్లాసంతా నవ్వే నవ్వు.

అబద్ధాల రోజు కూడా ఒకటి పెడతాం. ఆ రోజు అందరూ అబద్ధమే రాయాలి. నిజం రాస్తే మళ్ళీ రాయాలి. ఇంట్లో అబద్ధానికి తన్నులు తినే పిల్లలు అప్పుడు చూపించే ఉత్సాహం చూడాల్సిందే. ఏడు కొండలు కాదు, ఎనిమిది ఉండేవి, మా తాత ఒకటి దాచిపెట్టినాడు అని రాసినవాడు ఉన్నాడు.

ఇదంతా టెన్త్ లోపు పిల్లల సంగతి. టెన్త్ దాటిన వాళ్ళు వేరు. అసలు వాళ్ళు శిబిరానికి దొరకడమే కష్టం. టెన్త్ పరీక్ష అయిన వారానికే ఇంటర్ క్లాసులంటూ హాస్టల్‌కు తోలేస్తున్నారు. దొరికిన కొద్దిమందీ గదిలో వెనక కూర్చుంటారు. చదవమంటే చదవరు. నలుగురి ముందు పైకి చదవడమంటే వాళ్ళకు ప్రాణసంకటం. వాళ్ళకు మేం మొదటే ఒక మాట ఇస్తాం. ఏం రాసినా సరే, చూపించాల్సిన పని లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని పోవచ్చు. నిజంగానే ఆ మాట మీద నిలబడతాం. సామాన్యంగా ఏమవుతుందంటే, మూడో నాలుగో రోజుకు ఎవరో ఒకరు అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, మడిచిన కాగితం బల్ల మీద పెట్టేసి గబగబా వెళ్ళిపోతారు.

ఆ వయసు వాళ్ళకు నీతి కథలు చదివి వినిపించకండి. కేశవరెడ్డి గారి అతడు అడవిని జయించాడు చేతికివ్వండి. ఆయనా చిత్తూరు జిల్లా మనిషే, వృత్తికి డాక్టరు. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి పోయిన ఒక ముసలాయన కథ అది. చిన్న నవల. ఫోనులో రీల్స్ చూసే పదహారేళ్ళ కుర్రాడు దాన్ని ఒక్క రాత్రిలో చదివేసి, ఇంకోటి ఉందా అని అడగడం నేను చూశాను.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇది సరదా సంగతి కాదు. పిల్లల్ని నిజం రాయమన్నాక, కొన్నిసార్లు నిజమే వస్తుంది. తాగొచ్చి కొట్టే తండ్రి గురించి వస్తుంది. చదువు మాన్పించి పెళ్ళి చేస్తారేమోనన్న భయం వస్తుంది. ఇంకా చెప్పలేనివి వస్తాయి. అట్లాంటి కాగితాన్ని కథగా మెచ్చుకోవద్దు. అందరి ముందు చదవొద్దు. వాట్సాప్‌లో పెట్టొద్దు. ఆ బిడ్డతో ఒక్కరే కూర్చుని మాట్లాడండి. బిడ్డకు ప్రమాదం ఉందనిపిస్తే 1098 నంబరుకు ఫోన్ చేయండి. పిల్లల కోసం ఉన్న నంబరు అది. మళ్ళీ చెబుతున్నాను, 1098. శిబిరం నడిపే వాళ్ళు ఈ నంబరు గోడ మీద రాసి పెట్టాలి.

తల్లిదండ్రులకు కూడా ఒకటి రెండు మాటలు చెప్పాలి, కోపగించుకోకండి. బిడ్డ రాసిన కథ ఇంటికి వస్తుంది. మరుసటి రోజు అదే కథ తిరిగి శిబిరానికి వస్తే మాకు తెలిసిపోతుంది. రాత్రికి రాత్రి అవ్వ ముదుసలి అయిపోయుంటుంది. కుక్క శునకం అయిపోయుంటుంది. చివర్లో నీతి మొలిచి ఉంటుంది. అమ్మ దిద్దింది! ఇప్పుడు ఫోనుకు చెబితే అదీ కథ రాసి పెడుతోంది. చక్కగానే రాస్తుంది. కానీ మీ ఇంట్లో ఆవు ఎవర్ని తన్నిందో దానికేం తెలుసు?

పోటీలు, బహుమతుల మీద నాకు పెద్ద మోజు లేదు. ఫస్టు ప్రైజు ఒకరికిస్తే మిగతా అందరూ ఆ ఒక్కరి మాదిరి రాయాలని చూస్తారు. మళ్ళీ రామయ్యల సంత. పుస్తకం వేసెయ్యాలన్న తొందర కూడా మంచిది కాదు. కొన్ని శిబిరాల్లో వారం తిరక్కుండా రంగుల పుస్తకం, ఆవిష్కరణ, శాలువాలు. అచ్చులో పేరు చూసుకుంటే పిల్లలకు సంబరమే, కాదనను. దానికంటే గోడపత్రిక మేలు. ఒక డ్రాయింగ్ షీటు, కాస్త బంక. పిల్లలు రాసినవి అంటించి, దారిన పోయేవాళ్ళు చదివేటట్టు వాకిట్లో తగిలించండి. ఒకసారి పాలు పోసే ఆమె ఆగి, పక్కన ఉన్న పిల్ల చేత చదివించుకుని విన్నది. ఇంతకంటే ఆవిష్కరణ సభ ఏం కావాలి?

ఈ రేడియోకు కూడా ఇందులో పాత చుట్టరికం ఉంది. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య పేర్లు పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. న్యాయపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు. మద్రాసు రేడియోలో పిల్లల్ని మైకు ముందు నిలబెట్టి, వాళ్ళ గొంతులే వినిపించారు. 1945లో బాల అని పిల్లల పత్రిక పెట్టారు. పెద్దవాళ్ళు పిల్లల గురించి మాట్లాడటం వేరు, పిల్లలే మాట్లాడటం వేరు అని ఆ దంపతులు అప్పుడే పట్టుకున్నారు.

ఇప్పుడు అసలు విషయం. శిబిరం ఎక్కడుంది, ఫీజెంత అని మీరు అడుగుతారు. మన రాష్ట్రంలో పౌర గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు పెడుతుంటారు. పుస్తకాలు చదివించడం, కథలు చెప్పించడం, బొమ్మలు వేయించడం అన్నీ ఉంటాయి. ఎక్కడ బాగా నడుస్తాయి, ఎక్కడ పేరుకు నడుస్తాయి అన్నది ఆ ఊళ్ళో లైబ్రేరియన్‌ను బట్టి, ఆ ఊరి పెద్దల్ని బట్టి ఉంటుంది. రాయించే పూట లేదంటే, పెట్టమని అడగండి. మీ ఊళ్ళో రిటైరైన తెలుగు పంతులు ఉంటాడు. కథలు చెప్పే అవ్వ ఉంటుంది. భారతంలో వేషం కట్టే మనిషి ఉంటాడు. వాళ్ళను ఒక పూట తెచ్చి పిల్లల మధ్య కూర్చోబెట్టండి.

అడగడానికి మొహమాటపడకండి. 1960లో వచ్చిన గ్రంథాలయాల చట్టం ప్రకారం, మీరు కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను పడుతుంది. ఏటా కడుతూనే ఉన్నారు. అంటే ఫీజు మీరు ముందే కట్టేశారు. రేపు పొద్దున ఎండ ముదరకముందే పిల్లల్ని వెంటబెట్టుకుని మీ ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్ళండి. ఇక్కడ కథలు రాయించే శిబిరం ఎప్పుడు పెడుతున్నారు అని అడగండి. నలుగురు అడిగితే పెడతారు.